రంగుకా... రుజువుకా?

ఆదివారం పొద్దున్నే చికెన్ కొట్టు దగ్గర ఓ దృశ్యం కనిపిస్తుంటుంది. 'బ్రాయిలర్ ఎంత? నాటుకోడి ఎంత?' అని అడగడం, రెండో ధర వినగానే జేబు తడుముకోవడం. అయినా 'పిల్లలు తినేది కదా, మందుల్లేని మాంసం పెడదాం' అనుకుని నాటుకోడికే ఓటేసేవాళ్లు ఎందరో. ఇంతకీ ఆ ఎక్కువ డబ్బు దేనికిస్తున్నాం?

కొంతవరకూ న్యాయమైన ధరే. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది. పెరట్లో తిరిగే నాటుకోడి కిలోన్నరకు రావాలంటే ఐదారు నెలలు పడుతుంది. అన్నాళ్లూ మేపాలి. కుక్కల నుంచీ, కొక్కెర తెగులు నుంచీ కాపాడుకోవాలి.

కానీ నాటుకోడి వేరు, సేంద్రియ మాంసం వేరు. సేంద్రియం అనాలంటే దాణా కూడా రసాయనాలు లేకుండా పండించిందే అయ్యుండాలి. కోళ్ల పెంపకంలో సగానికి పైగా ఖర్చు దాణాదే! ఐరోపా నిబంధనలైతే త్వరగా పెరిగే జాతి కోడిని 81 రోజులు నిండేదాకా కోయకూడదంటాయి.

మరి జనం ఎంత ఎక్కువ ఇస్తారు? 2011లో అమెరికాలోని ఆర్కాన్సాస్ పరిశోధకులు ఇదే అడిగారు. కోడి రొమ్ము మాంసం మీద ఊరికే 'ఆర్గానిక్' అని ఉంటే సుమారు 35 శాతం ఎక్కువ ఇస్తామన్నారు. ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర ఉంటే ఏకంగా 104 శాతం! మాంసం అదే. పెరిగింది నమ్మకం. అయితే నోటితో చెప్పిన మాటకీ, కొట్టు దగ్గర తీసే నోటుకీ తేడా ఉంటుందనుకోండి.

మన దగ్గరా ఈ నమ్మకమే అసలు సమస్య. 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఢిల్లీ ప్రాంతంలో 70 చికెన్ నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడ్డాయి. 2019లో కేంద్రం కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరి అస్త్రంగా వాడే మందు అది. అంటే మన భయం ఉత్తిది కాదు.

అలాగని రంగు చూసి మోసపోకూడదు. రాజేంద్రనగర్‌లో రూపొందించిన వనరాజా కోళ్లూ రంగురంగులుగానే ఉంటాయి. మంచి కోళ్లే, కానీ అసలు నాటువి కావు. సేంద్రియ ఆహారానికి 2017లో 'జైవిక్ భారత్' ముద్ర వచ్చింది. ప్యాకెట్టు మీద 'ఆర్గానిక్' అని ఉంటే ఆ ముద్ర ఉందో లేదో చూడండి.

విడిగా కొంటుంటే మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ పెరిగింది? ఏం తింది? మందు వేస్తే ఎన్నాళ్ల తర్వాత అమ్మారు? జవాబు సూటిగా వస్తే పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి, కష్టపడి పెంచిన రైతుకు చేరుతుంది. నీళ్లు నమిలితే... బ్రాయిలర్‌కి రెట్టింపు ధర ఎందుకు?