బదిలీ ఉత్తర్వులో లేని పేర్లు

ఈ మారు యంత్రాల సంగతి కాక ఇంటి సంగతి ముచ్చటించాలని ఉంది.

గత నెలలో ముంబయి నుండి మా విభాగానికి బదిలీపై వచ్చిన యువ ఇంజనీరు ఒకరు, భోపాల్ శివారులోని పిప్లానీలో క్వార్టరులో చేరిన నాలుగో రోజున, "అంతా బాగానే ఉంది సార్, రాత్రిళ్లు మాత్రం నిద్ర పట్టడం లేదు. మరీ నిశ్శబ్దంగా ఉంది" అన్నారు. ప్రక్కనున్నవారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. 2004లో నేనూ అదే ముంబయి నుండి ఇక్కడికి వచ్చినవాణ్ణే.

అక్కడ మా అద్దె ఇల్లు మాటుంగాలో రైలు పట్టాలకు దాదాపు ఆనుకొని ఉండేది. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో చివరి లోకల్ వెళ్లేది. నాలుగు గంటల ప్రాంతంలో మొదటిది వచ్చేది. ఆ నడుమనున్నదే మేమెరిగిన నిశ్శబ్దం. పిప్లానీలో మొదటి రాత్రి గోడ గడియారం చప్పుడుకు మా అబ్బాయి లేచి కూర్చున్నాడు. అది కొత్త గడియారం కాదు, ముంబయి నుండి మాతో వచ్చినదే. పెద్ద చప్పుడు చిన్న చప్పుళ్లను కప్పివేస్తుందనీ, డెసిబెళ్లలో ప్రతి పదికీ ధ్వని తీవ్రత పదోవంతుకు పడిపోతుందనీ, 70 నుండి 40కి దిగితే వెయ్యోవంతేననీ వాడికి లెక్కకట్టి చెప్పి సంతోషించాను. నివాస ప్రాంతాలలో రాత్రివేళ 45 డెసిబెళ్లు మించరాదన్న 2000 సంవత్సరపు నిబంధన కూడా వినిపించాను. ఇంజనీర్లకు ఇదొక జబ్బు. దేనికైనా అంకె దొరికితే చాలు, విషయం అర్థమైపోయిందనుకుంటాం.

నావరకు ఈ చోటు నచ్చింది. భోపాల్ మధ్యప్రదేశ్‌కు రాజధాని అయిన 1956లోనే హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ కూడా పుట్టింది. భారీ విద్యుత్ యంత్రాలు తయారు కావాలంటే విశాలమైన స్థలం, రైలుమార్గం, నీరు కావాలి. అందుచేత కర్మాగారం పాత నగరానికి దూరంగా వెలిసింది. దానితోపాటే పిప్లానీ, గోవింద్‌పురా, బర్ఖేడా కాలనీలు, వాటిలో బడులు, బజార్లు, ఆసుపత్రి వచ్చాయి. ముంబయిలో రోజుకు మూడు గంటలు రైలులో నిలబడినవాణ్ణి, ఇక్కడ సైకిలుపై పది నిమిషాలలో పనిలో ఉండేవాణ్ణి. ఆ మిగిలిన సమయమంతా నాకు లాభం. ఆ లాభానికి ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చాలాకాలం చూడలేదు.

మా శ్రీమతి ముంబయిలో నగరపాలక సంస్థ వారి తెలుగు మాధ్యమ పాఠశాలలో పదకొండేళ్లు లెక్కల ఉపాధ్యాయినిగా పనిచేసింది. మగ్గాల మీదా, మిల్లులలోనూ బ్రతికిన మనవాళ్ల పిల్లలే ఆ బడి నిండా. భార్యాభర్తలిద్దరూ కేంద్ర ప్రభుత్వోద్యోగులైతే వీలైనంతవరకు ఒకేచోట వేయాలన్న మార్గదర్శకాలు 1986 నుండీ ఉన్నాయి. కాని నగరపాలక సంస్థ ఉద్యోగిని మరో రాష్ట్రానికి వెళ్లాలంటే రాజీనామా తప్ప దారి లేదు. ఇదంతా తెలిసే, సమ్మతి తెలుపమని కార్యాలయంలో అడిగిన మధ్యాహ్నమే సంతకం చేసి ఇచ్చాను. ఇంట్లో సాయంత్రం చెప్పాను. అడగలేదు, చెప్పాను.

భోపాల్ వచ్చిన ఆరేడు నెలలకు, కూరగాయల సంచీలో చిల్లర వెదుకుతుంటే ప్లాట్‌ఫారం టికెట్లు దొరికాయి. ఒకటి కాదు, పదీ పన్నెండు. అన్నీ హబీబ్‌గంజ్ స్టేషనువే. ఎవరిని ఎక్కించడానికి వెళ్లావని అడిగాను.

"ఎవరినీ కాదండీ. ఊరికే కూర్చుని వస్తాను. ఆ చప్పుడులో కాస్త ఊపిరాడుతుంది."

కొంతసేపు ఊరకుండి, "మీరు ముందే అడిగి ఉంటే నేను సరేననే అనేదాన్నేమో. అడగలేదు, అంతే" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా నేను కొంత తేలికపడేవాణ్ణి.

ఆ తరువాత ఆమె ఇరుగుపొరుగు పిల్లలను వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పసాగింది. ఇక్కడి పిల్లలకు హిందీలో చెప్పాలి కనుక, మన కనిష్ఠ సామాన్య గుణిజాన్ని లఘుత్తమ సమాపవర్త్యంగా మార్చుకొని తానే మొదట వల్లెవేసుకొనేది. పంజాబీ, మలయాళీ, బెంగాలీ ఇళ్ల పిల్లలెందరో ఆ వరండాలో పదో తరగతి గట్టెక్కారు. వారి తల్లులే ఆమెకు స్నేహితురాళ్లయ్యారు. టికెట్లు మళ్లీ కనబడలేదు. అయినా ఆ పదకొండేళ్ల సర్వీసు తిరిగి రాలేదు. దాని వెంట రావలసిన పింఛనూ లేదు. వరండా చూసినవారు అంతా సర్దుకుందంటారు. నేను అనలేను.

హబీబ్‌గంజ్ స్టేషను 2021లో రాణీ కమలాపతి స్టేషను అయింది. మరో రెండేళ్లలో నేను పదవీ విరమణ చేసి ఈ క్వార్టరు ఖాళీ చేయాలి. తరువాత ఎక్కడుందామో నిర్ణయించమని ఆమెనే అడిగాను. ఇంకా చెప్పలేదు, నేనూ తొందరపెట్టడం లేదు.

ఆ యువ ఇంజనీరును మర్నాడు క్యాంటీనులో కలిశాను. భార్య ముంబయిలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేదట, మానుకొని వచ్చిందట.

"ఆవిడకు నిద్ర పడుతోందా?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అడగలేదు సార్" అన్నారు.

ఆదివారం ఇద్దరినీ మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. ఈ సంగతి ఇంట్లో చెబితే మా శ్రీమతి, "మీరు ఆ అబ్బాయితో మాట్లాడుకోండి. ఆ అమ్మాయిని నేను అడుగుతాను" అంది.