పెనుకొండ నెక్కని చరిత్రపాఠము

1565వ సంవత్సరమున తళ్ళికోట యుద్ధము జరిగెననియు, అందు రామరాయలు హతుడయ్యెననియు, దానితో విజయనగర సామ్రాజ్యము అంతరించెననియు కంఠస్థము చేయని తెలుగు విద్యార్థి అరుదు. ఇందు మొదటి రెండు మాటలు సత్యములే. మూడవ మాట సత్యము కాదనుటకు రాయలసీమలో ఒక కొండయే సాక్షిగా నిలిచియున్నది. అది పెనుకొండ. ఆ సాక్షిని విచారింపకయే మన పాఠశాలలు తీర్పు చెప్పుచున్నవి.

యుద్ధానంతరము రామరాయల తమ్ముడు తిరుమలరాయలు, నామమాత్ర ప్రభువైన సదాశివరాయలతో పెనుకొండ చేరెను. ఇది దిక్కుతోచక చేరిన చోటు కాదు. 14వ శతాబ్దిలో బుక్కరాయలు తన కుమారుడైన విరూపణ్ణను పాలకునిగా నిలిపినది మొదలు, పెనుకొండ సామ్రాజ్యమున ముఖ్యమైన సీమకు కేంద్రముగా నుండెను. పెనుకొండయన పెద్ద కొండ; సంస్కృతీకరించి ఘనగిరి యన్నారు. ఆ పేరునకు తగినట్లే బీజాపుర సైన్యములును, గోలకొండ సైన్యములును ముట్టడించిన దినములలో అది రాజ్యమును కాచినది. తిరుమలరాయల అనంతరము ఆతని కుమారులు శ్రీరంగరాయలు, వేంకటపతిరాయలు ఏలిరి. వేంకటపతి కాలమున రాజధాని చంద్రగిరికి మారినను, ఆతడు 1614 వరకు రాజ్యము చేసెను. ఆ వంశము 17వ శతాబ్ది మధ్యభాగము దాక నిలిచినది. ఓడిన పిమ్మట ఒక రాజ్యము ఎట్లు కూడదీసికొని బ్రతికెనను కథ, గెలిచిన కథకంటె విద్యార్థికి తక్కువ ఉపయోగకరమా?

అయినను విహారయాత్ర యనగానే పాఠశాలలవారికి హంపియో, మైసూరో, తిరుపతియో స్ఫురించును. హంపికి పోవుట తప్పు కాదు. 1986లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడిన క్షేత్రమది. కాని హంపిని మాత్రమే చూచి వచ్చిన బాలుడు శిథిలములను చూచి, పతనమను మాటనే మరింత గట్టిగా నమ్మి మరలును. కథలోని రెండవ అధ్యాయము ధర్మవరమునకును హిందూపురమునకును నడుమ, రైలు దారి ప్రక్కనే కలదు. ధర్మవరము పట్టుచీరలకై వచ్చువారును, హిందూపురము మీదుగా లేపాక్షికి పోవువారును కిటికీలోనుండి ఆ కొండను చూచి సాగిపోవుచున్నారు. 2019లో పెనుకొండ చెంత ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారము నుండి మొదటి కారు వెలువడిన తరువాత ఊరి పేరు దేశమంతట వినబడినది. అది సంతోషమే. కాని పెనుకొండ కోట ద్వారమొకటి ఎర్రమంచి ద్వారముగానే పేరొందినదనియు, అచట ఆంజనేయుని పెద్ద విగ్రహము కలదనియు ఎందరికి తెలియును?

ఇటలీ దేశమున మాంటెరిజ్జోని యను చిన్న గ్రామమొకటి గుట్టపై నున్నది. 13వ శతాబ్దిలో సియెనా నగరమువారు ఫ్లారెన్సు వారికి ఎదురుగా దానిని కట్టించిరి. చుట్టును గోడ, గోడ పొడవునను బురుజులు. అంతకు మించి అచట వైభవము లేదు. కాని మహాకవి డాంటే తన కావ్యములోని నరకఖండమున, గుంతచుట్టు నిలిచిన రాక్షసాకారులను ఆ బురుజులతో పోల్చెను. ఆ పోలికతో ఆ గుట్ట ప్రపంచ సాహిత్యములోనికి ఎక్కినది. కవిత్వము చదివినవాడు ఆ గోడలను చూడగోరును. గోడలను చూచినవాడు కవిత్వమును మరల తెరచును.

పెనుకొండకు అట్టి భాగ్యము లేకపోలేదు. రామరాజభూషణుడు వసుచరిత్రమును అంకితమిచ్చినది తిరుమలరాయలకే. తెలుగు ప్రబంధములలో శ్లేషకును, నాదసౌందర్యమునకును పేరెన్నికగన్న ఆ కావ్యము, ఘోరమైన ఓటమి తరువాత రాజ్యమును నిలబెట్టిన ప్రభువు పేర వెలసినది. తెలుగు పండితుడు తరగతిలో శ్లేషను విడమరచి చెప్పును. చరిత్రోపాధ్యాయుడు ప్రక్క తరగతిలో అదే తిరుమలరాయల పేరు ఒక్క వాక్యములో ముగించును. ఇద్దరును ఒక రాజును గూర్చియే చెప్పుచున్నారని విద్యార్థికి తెలియదు. ఆ యిద్దరు ఉపాధ్యాయులు కలసి ఒక్క దినము ఆ కొండనెక్కినచో, రెండు పాఠములకు నడుమనున్న గోడ కూలును.

ఇంతకంటె ముఖ్యమైన విద్య మరియొకటి అచట కలదు. అది సాక్ష్యమును తూచుట. తిమ్మరుసును బంధించిన చోటని అచట ఒక కట్టడమును చూపుదురు. అది జనశ్రుతి. విరూపణ్ణ పాలనను తెలుపునది శాసనము. రెండింటికిని విలువ కలదు. కాని ఆ విలువ ఒక్కటి కాదు. జనులు ఏమి తలచుకొనుచున్నారో మొదటిది చెప్పును. ఏమి జరిగెనో రెండవది చెప్పును. ఈ భేదము తెలిసిన బాలుడు పెరిగిన పిమ్మట ఏ పుకారును తేలికగా నమ్మడు.

అట్లే కొండ దిగువనున్న గగనమహలును చూడవలయును. హిందూ ప్రభువుల మందిరమున సుల్తానుల కట్టడములలోని కమానులు కలవు. రాముని ఆలయమును శివుని ఆలయమును ప్రక్కప్రక్కనే యున్నవి. జైనుల పార్శ్వనాథాలయము కలదు. షేర్‌ఖాన్ మసీదు కలదు. హిందువులును ముస్లిములును సేవించు బాబయ్య దర్గా కలదు. తళ్ళికోటను కేవలము మతముల పోరుగా చెప్పు వ్యాఖ్యానమునకు ఈ ఊరి రాళ్ళే సమాధానము. రాజ్యములు పోరాడినవి, శిల్పులు మాత్రము ఒకరినుండి ఒకరు నేర్చుకొనిరి.

అభ్యంతరములు లేకపోలేదు. కొండయెక్కుట శ్రమ, అనంతపురపు ఎండ ప్రసిద్ధము, పిల్లల బాధ్యత ఉపాధ్యాయునిది, పాఠ్యప్రణాళికయో ముగియదు. ఇవి నిజమైన కష్టములే. కాని పుష్యమాసపు ఉదయమున, నీళ్ళును చల్దిమూటయు చేతబట్టి, పెద్ద తరగతి పిల్లలను మాత్రమే కొండపైకి తీసికొనిపోవచ్చును. చిన్నవారికి దిగువనున్న ఊరే చాలినంత పాఠము. హిందూపురము, ధర్మవరముల పాఠశాలలకు ఇది ఒక్కదినపు ప్రయాణము. దూరదేశ యాత్రకు రుసుము చెల్లింపలేక ఇంటనే నిలిచిపోవు పేద విద్యార్థియు దీనికి రాగలడు. ఒక్క ఈ కారణము చేతనైనను ఇది మేలైన యాత్ర.

ఉపేక్షించినచో నష్టమేమి? పాతగోడ క్రింద నిధి కలదనువాడు పలుగుతో వచ్చును. తన పేరు శాశ్వతము కావలెననువాడు బొగ్గుతోనో మేకుతోనో వచ్చును. రాయలసీమలోని ప్రాచీనాలయములకు నిధుల వేట పట్టించిన దుర్గతి అందరెరిగినదే. ప్రాచీన కట్టడముల రక్షణకై 1958లోనే చట్టము వచ్చినది. కాని ప్రతి రాతి చెంతను ఒక కావలివానిని నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. ఆ రాయి ఏమి చెప్పుచున్నదో తెలిసిన బాలుడే దానికి కావలి. నిధి కథ మాత్రమే విన్నవాడు త్రవ్వును. శాసనమును చదువ నేర్చినవాడు త్రవ్వువానిని ఆపును.

అందుచేత ఈ యేడు విహారయాత్ర నిర్ణయించు ఉపాధ్యాయులు పటము ముందుంచుకొని, దూరమునకు చూపు సారించుటకు ముందు తమ జిల్లాలోని కొండను ఒకమారు చూతురుగాక. 1565 తరువాత ఏమి జరిగెనని పరీక్షలో అడిగినపుడు, తాను నడచిన మెట్లను తలచుకొని సమాధానము వ్రాయు విద్యార్థి ఒక్కడు తయారైనను ఆ శ్రమ వ్యర్థము కాదు.