కంటి కాలువలకూ శివారు లెక్క కావాలి

కంటి లోపలి తెరను ఫోటో తీస్తే అందులోని రక్తనాళాల కొమ్మలన్నిటినీ కంప్యూటరే గీసిపెడుతుందనీ, నూటికి తొంభై అయిదు పాళ్లు సరిగ్గా గీస్తుందనీ విని సైన్సు విద్యార్థులం మురిసిపోతున్నాం. ఆ తొంభై అయిదు ఎలా వచ్చిందని మాత్రం అడగం.

ఫోటోలో నాళాలు ఆక్రమించే చోటు సుమారు పదో వంతు. లెక్క చుక్క చుక్కకీ కనుక, ఒక్క గీతా గీయకుండా ఖాళీ కాగితం ఇచ్చినవాడికీ తొంభై దాకా మార్కులు పడతాయి! (మన పరీక్షల్లోనూ ఇలా దిద్దితే ఎంత బాగుండును.) లావు నాళాలు ఎవరైనా గీస్తారు. తప్పిపోయేవి సన్నవి. షుగరు జబ్బు ముదిరితే కొత్తగా మొలిచే పెళుసు నాళాలూ సన్నవే. అవి చిట్లితే చూపు పోతుంది.

డెల్టావాళ్లకు ఈ లెక్క కొత్తా? ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో వేస్తారు. నాగాయలంక శివారు చేనికి ఎన్ని చేరాయో బోదె చివర నిలబడ్డ రైతుకే తెలుసు.

ఇంకో చిక్కుంది. పులిగడ్డ అక్విడక్టును పటంలో చూడండి. దివిసీమకు పోయే కాలువా, కృష్ణ పాయా కలిసినట్టే ఉంటాయి. కలవవు, కాలువ పైన, ఏరు కింద. కంటిలోనూ అంతే. ధమని సిరను దాటిపోతుంది. ఆ దాటును కంప్యూటరు చీలిక అనుకుందంటే ధమని కొమ్మను సిరకు తగిలిస్తుంది. బి.పి. ఉన్నవాళ్లలో డాక్టరు పట్టి చూసేది సరిగ్గా ఆ చోటునే, ధమని కింద సిర నొక్కుకుపోయిందా అని.

ఈ విద్యకు ప్రపంచమంతా ఒరగల్లుగా వాడుతూ వచ్చిన 'డ్రైవ్' ఫోటోలు 2004లో వచ్చాయి. నెదర్లాండ్స్‌లో తీసిన 40 ఫోటోలు. వాటిలో 33 కళ్లకు షుగరు జబ్బు గుర్తులే లేవు! అక్కడ నెగ్గినంత మాత్రాన గుడివాడలో పదిహేనేళ్లుగా షుగరున్న మనిషి కంట్లో నెగ్గుతుందని ఎలా నమ్మేది?

యంత్రం వద్దనడం లేదు. ఒక్కొక్క ఫోటో చేత్తో గీస్తూ కూర్చునే తీరిక ఏ డాక్టరుకుంది? హైదరాబాదులో 1987 నుంచి ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఉంది, కంటి ఫోటోలపై పరిశోధన చేసినవారు ట్రిపుల్ ఐటీలో ఉన్నారు. మన పల్లెల కళ్ల మీదే యంత్రాన్ని పరీక్షించడం అసాధ్యమేమీ కాదు. ఆ కెమెరాను బందరుకో అవనిగడ్డకో తెచ్చేవాళ్లు తొంభై అయిదు అనే అంకె పక్కన పెట్టి, సన్న నాళాల్లో ఎన్ని దొరికాయో, దాటుల్లో ఎన్ని తప్పాయో, అదీ జబ్బు కళ్లలో, విడివిడిగా రాసి చూపించాలి.