సంగీతసభలలో ఛాయాగ్రాహకుని స్థానము

మన పట్టణములలో త్యాగరాజ ఆరాధనోత్సవములు గాని, దసరా నవరాత్రుల కచేరీలు గాని, శ్రీరామనవమి పందిళ్ళలోని గానసభలు గాని జరిగిన మరునాటి ఉదయమున దినపత్రికలోని జిల్లా పుటలను విప్పి చూచువారికి, నిన్నటి సాయంకాలము అచ్చట పాట జరిగినదన్న సంగతి వార్తలోని అక్షరములవలన తెలియవచ్చునే గాని, ఆ వార్త ప్రక్కన అచ్చొత్తిన చిత్రమువలన మాత్రము ఎంతకును తెలియదు. ఆ చిత్రములో జ్యోతిప్రజ్వలనము చేయుచున్న ముఖ్య అతిథి ఉండును. ఆయన వెనుక, తమ ముఖము చిత్రములో పడునో పడదో యని మెడలు చాచిన కార్యవర్గసభ్యులుందురు. లేదా, మెడలో దండయు, భుజములపై శాలువాయు, చేతిలో జ్ఞాపికయు మోయుచు, ఎవరి వంక చూడవలయునో తోచక నిలుచున్న గాయకుడుండును. రెండున్నర గంటలసేపు ఆ గాయకుని మనోధర్మమును క్షణక్షణము కనిపెట్టి వాయించిన వయొలిన్ విద్వాంసుడును, మార్దంగికుడును చిత్రపుటంచున సగము తెగిపోయి, క్రింది పంక్తిలోని ‘తదితరులు’లో పూర్తిగా మునిగిపోవుదురు.

ఇందుకు ఛాయాగ్రాహకుని నిందించుట న్యాయము కాదు. ఆతనిని పిలిచినది సన్మానమునకు; డబ్బిచ్చునది సన్మానపు చిత్రములకు; పత్రిక ఆతనినుండి కోరునదియు ఆ చిత్రమే. ముఖ్య అతిథికి మరియొక సభ యున్నదన్న కారణమున, రాగము ముగిసి కీర్తన అందుకొనబోవు వేళ కచేరీని నడుమ ఆపి, వేదికపై కుర్చీలు వేయించి, ప్రసంగములు చేయించి, శాలువాలు కప్పించి, శ్రుతి చెదరిన గాయకుని మరల పాడుమని కూర్చుండబెట్టు సంప్రదాయము మనకు క్రొత్త గాదు గదా! ఆయన మరల గొంతు సవరించుకొను సమయమునకు ఛాయాగ్రాహకుడు సంచి సర్దుకొని మెట్లు దిగుచుండును. ఈ విధముగా ప్రతి ఊరి సంగీతసభయు తన కచేరీల మాట ఎట్లున్నను, తన సన్మానముల చరిత్రను మాత్రము సచిత్రముగా భద్రపరచుకొనుచున్నది. పాట జరుగుచున్నప్పుడు పాటను చూచి చిత్రించు మనిషి ప్రతి ఊరికిని ఒక్కడైనను కావలయుననియు, వేదికపై తంబురా వేయువారికి ఎంత నిశ్చయమైన స్థానము కలదో వేదికముందు ఆతనికిని అంత నిశ్చయమైన స్థానము ఉండవలయుననియు నా అభిప్రాయము.

ఒకప్పుడు ఈ లోపమునకు బలమైన కారణముండెడిది. విజయనగరపు మహారాజ సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా నుండిన కాలమునను, 1936లో ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పదవిని స్వీకరించిన కాలమునను, సభలోని మసక వెలుతురులో కదలుచున్న చేతిని పట్టగల ఫిలిము మన ఊళ్ళలోని స్టూడియోలకు అందుబాటులో లేదు. ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోవునది. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క బల్బును బలి యియ్యవలసినదే. కొడక్ సంస్థవారు ట్రై-ఎక్స్ అను వేగవంతమైన ఫిలిమును 35 మిల్లీమీటర్ల కెమెరాలకు 1954లో తెచ్చిన పిమ్మట, ఉన్న వెలుతురుతోనే చిత్రము తీయుట పత్రికా ఛాయాగ్రాహకులకు సులభముగా తోచినది. అందుచేత ఆ తరము విద్వాంసుల రూపములలో మనకు తరచుగా దొరకునవి స్టూడియో చిత్రములు: కోటు, ఉత్తరీయము, ఱొమ్మున పతకములు, వెనుక పరదా, ఒడిలో మ్రోగని వాద్యము. 1964లో గతించిన ద్వారంవారి వయొలిన్ కమాను పనిని ధ్వనిముద్రికలలో విని ఇప్పటికిని ఆనందింపగలము. కాని ఆ కుడి మణికట్టు ఏ గమకమునకు ఎట్లు వంగెడిదో, చూపు మందగించిన ఆ మహనీయుడు మృదంగమువైపు ఎట్లు చెవి యొగ్గెడివాడో చూపగల చిత్రములకై వెదకుకొనవలసియే యున్నది. తరువాత బాలమురళీకృష్ణగా ప్రసిద్ధుడైన ఎనిమిదేళ్ళ బాలుడు మురళీకృష్ణ విజయవాడ ఆరాధనోత్సవములో నిండు కచేరీ చేసిన నాడు ముందువరుసలో కూర్చున్న పెద్దల ముఖములు ఎట్లుండెనో చూడవలెనని నాకెంతో కోరిక. నేటి కెమెరాలు కంటికే సరిగా ఆనని వెలుతురులో సైతము చిత్రము తీయగలవు గనుక, ఆనాటి సాకు మనకు చెల్లదు.

ఒక ఊరి సంగీతమునకు ఒక్క ఛాయాగ్రాహకుడు ఏమి చేయగలడో తెలిసికొనగోరువారు అమెరికాలోని సియాటిల్ నగరమువంక చూడవచ్చును. 1980ల ద్వితీయార్ధమున, ఆ వానల ఊరిలోని చిన్న చిన్న మద్యశాలలలోను, అద్దె హాళ్ళలోను, కొలదిమంది శ్రోతలయెదుట వాయించుకొనుచుండిన రాక్ బృందములను చార్లెస్ పీటర్సన్ అను యువకుడు రాత్రి వెంట రాత్రి చిత్రించెను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఛాయాచిత్రకళ నభ్యసించిన ఆతడు ఆ బృందములలోనివారికి మిత్రుడు. విశాలమైన దృశ్యమును పట్టు లెన్సుతో వేదిక అంచునకు చేరి, షట్టరును దీర్ఘముగా తెరచియుంచి, నడుమ ఫ్లాష్ మెరిపించెడివాడు. ఆ మెరుపులో ముఖము స్పష్టముగా నిలిచి, చుట్టుపట్ల దీపములు గీతలుగా సాగి, జుట్టును, చెమటయు, గిటారును ఒకే సుడిగా కలిసి నలుపు తెలుపులలో దిగెడివి. ఆ చిత్రములలో గాయకునకును శ్రోతకును హద్దు కనబడదు. సబ్ పాప్ అను స్థానిక రికార్డు సంస్థ వానిని తన రికార్డుల అట్టలపై వేసికొనెను. మడ్‌హనీ, నిర్వాణ మొదలగు బృందముల పేర్లు లోకమంతట మ్రోగకముందే ఆ ఊరి సంగీతమునకు ఒక రూపము ఏర్పడి యుండెను. ఇందులో నాకు ముఖ్యముగా తోచునది ఆతని నేర్పు గాదు, ఆతడు ఆ ఊరివాడగుట. పై ఊరినుండి ఒక్క రాత్రికై వచ్చిన ఛాయాగ్రాహకుడు ప్రసిద్ధుని వెదకును. ఊరివాడు, రేపు ప్రసిద్ధుడగునో కాడో తెలియనివానిని సైతము తీసి దాచును.

అయినను మన కచేరీని సియాటిల్ పద్ధతిలో తీయరాదు. అచ్చట ఎగురుట సంగీతములో భాగము, ఇచ్చట కూర్చుండుట; ఆలాపన నడుచుచుండగా గాయకుని కన్నులలో ఫ్లాష్ కొట్టువానిని నేను క్షమింపలేను. మన ఛాయాగ్రాహకునకు కావలసిన మొదటి విద్య వేదికపై ఎవరెటు కూర్చుందురో తెలియుట. సాధారణముగా మృదంగము గాయకునికి కుడివైపునను, వయొలిన్ ఎడమవైపునను ఉండి, ఇరువురును కొంత లోపలికి తిరిగి కూర్చుందురు. మృదంగపు కుడి మూత సభకు అభిముఖముగా నుండును. కాబట్టి శ్రోతల ఎడమచేతి మూలనుండి చూచువానికి వయొలిన్ విద్వాంసుని ముఖము దక్కును, కుడిచేతి మూలనుండి చూచువానికి మార్దంగికుని ముఖము దక్కును, నట్టనడుమనుండి చూచువానికి మైకు దక్కును. గాయకుని నోటికి అడ్డముగా నిలిచిన ఆ మైకును తప్పించుకొనుటకు రెండడుగులు ప్రక్కకు జరిగినను చాలును; కాని ఆ రెండడుగులకు ముందువరుసలోని దాతలు సమ్మతింపవలయును. ఇక వెనుకనున్న ఫ్లెక్సీ మాట చెప్పనక్కరలేదు: త్యాగరాజస్వామివారి ముఖముకన్న పెద్దవైన నిర్వాహకుల ముఖములు గాయకుని తలకు ఇరువైపులనుండి చిరునవ్వు చిందించుచుండును. లెన్సు ద్వారమును పూర్తిగా తెరచి, వెలుతురు కొలతను గాయకుని ముఖమునకు మాత్రమే పెట్టుకొన్నచో ఆ నవ్వులు కొంతవరకు మసకలో కలిసిపోవును. ఎల్.ఇ.డి. దీపముల ఎరుపు, నీలములు ముఖముపై గాఢముగా పడిన చిత్రమునకు చర్మపు సహజచ్ఛాయను తిరిగి తెచ్చుట దుస్సాధ్యము. శబ్దము చేయని ఎలక్ట్రానిక్ షట్టరును నమ్ముకొన్నచో, ఆ దీపముల కంటికానని కంపనము చిత్రముపై అడ్డుచారలుగా పడును. చప్పుడు చేయు షట్టరా, చారలుపడు చిత్రమా యని తేల్చుకొనవలసివచ్చినప్పుడు, మృదంగము ఒంటిగా మ్రోగు తనియావర్తనము నడుచుచున్నంతసేపు మొదటిదానికి దోషము లేదు.

మృదంగముపై వ్రేళ్ళు నిశ్చలముగా నిలువవలెనన్నచో షట్టరు సెకనులో 500వ వంతుకైనను పోవలసియుండును. కాని నాకు మాత్రము ముఖము నిలిచి, వ్రేళ్ళు కొంచెము చెదరిన చిత్రమే ఇష్టము, ఏలయన నిలిచిపోయిన వ్రేళ్ళు మూతపై పెట్టినవో కొట్టుచున్నవో చెప్పజాలము. అన్నిటికన్న కష్టమైనది సమయము తెలియుట. నెరవులో ఒక్క పంక్తిని పలువిధముల త్రిప్పి పాడి, దానిని వయొలినుకు వదలుచు గాయకుడు ప్రక్కకు చూచు చూపు ఒకటి కలదు. కల్పనస్వరములు ఎత్తుగడను చేరుచున్నప్పుడు తొడపై తాళము వేయు చేయి ఒకటి కలదు. తని ముగింపున ముక్తాయింపు మూడుమారులు తిరిగి సరిగా ఎత్తుగడకు వచ్చి పడినప్పుడు మువ్వురి ముఖములలోను ఒక్కమారే విచ్చు నవ్వు ఒకటి కలదు. ఆ నవ్వు ఎప్పుడు రానున్నదో తాళము లెక్కించుకొనుచున్నవానికి ముందే తెలియును. లెక్క తెలియనివాడు చప్పట్లు విని కెమెరా ఎత్తును. అందువలననే, గొప్ప కెమెరా కలవానికన్న, ఆదితాళమునకును రూపకమునకును భేదమెరిగిన ఊరి కుర్రవాడు ఈ పనికి ఎక్కువ తగినవాడని నేనందును. ఆతడు కెమెరాను అప్పుడప్పుడు సభవైపును త్రిప్పవలయును: కన్నులు మూసికొని తలయూపు వృద్ధులను, ఒడిలో పుస్తకము పెట్టుకొని కృతి వరుసను వ్రాసికొను విద్యార్థినులను, తని మొదలుకాగానే కాఫీకై లేచిపోవు రసికుల వీపులను గూడ తీసి ఉంచినచో, మన కాలపు సంగీతచరిత్ర సత్యముగా నుండును.

సంగీతమనగా కర్ణాటక కచేరీ మాత్రమే కాదు. హైదరాబాదులో గిటార్లు పట్టిన యువకుల బృందములను వారి మిత్రులే ఫోనులతో చిత్రించుకొనుచున్నారు. వారిని గూర్చి నాకు బెంగ లేదు. బుర్రకథను గూర్చి కలదు. షేక్ నాజర్ గారి చేతిలో మహోన్నతి నందిన ఆ కళలో, కథకుడు భుజమున తంబురయు, బొటనవ్రేలికి అందెయు ధరించి, ముందునకు వెనుకకు అడుగులు వేయుచు చెప్పును. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయించుచు, ఒకడు హాస్యమును, ఒకడు రాజకీయమును అందుకొందురు. ముఖమును మాత్రమే దగ్గరగా తీసినవాడు అడుగులను పారవేసినవాడే. మువ్వురును, నిలువెల్లయు, క్రింద పందిరి నేలయు కనబడవలయును. ఒగ్గుకథకును ఇంతియే.

ఇక తెలుగునాట అత్యధికముగా కెమెరాలు మోహరించు సంగీతవేదిక పెండ్లిపందిరి. సంగీతమునకు ఒక్క చిత్రమైనను దక్కని వేదికయు అదియే. ప్రకాశము జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానాగారివంటి మహావిద్వాంసుని కన్న నాదస్వర సంప్రదాయము మనది. వధూవరులు జీలకఱ్ఱ బెల్లము పెట్టుకొను ముహూర్తమున గట్టిమేళము మ్రోగనిదే మనకు పెండ్లి కాదు. ఆ క్షణమున డోలుపై కఱ్ఱ పడు వేగమును, నాదస్వరమునకు ఊపిరి నింపి పొంగిన బుగ్గలను చూచి ఎవడును కెమెరా త్రిప్పడు. పైగా, చిత్రములో అడ్డము వచ్చుచున్నారని మేళమువారినే ప్రక్కకు జరుగుమందురు. వేలకొలది చిత్రములు తీయువానికి ఆ పూటలో మేళమువారి చిత్రము నొక్కదానిని తీసి, ఒక ప్రతిని వారి చేతికిచ్చుట ఏపాటి శ్రమ?

కచేరీ వినుటకే గాని చూచుటకు గాదని, కెమెరా ఏకాగ్రతకు భంగమని కొందరు పెద్దలు చెప్పుదురు. ఆ వాదమును గౌరవించుచునే, వారు తమ చుట్టును చూడవలసినదని కోరుచున్నాను: ఇప్పటికే వరుసవరుసకు ఫోనులు లేచుచున్నవి, కొన్ని దీపములతో సహా లేచుచున్నవి. బాధ్యతగల ఒక్కనికి అనుమతి యిచ్చినచో, తక్కినవారిని ఫోనులు దించుడని అడుగుటకు సభవారికి నోరు వచ్చును. పాశ్చాత్యదేశముల పెద్ద రాక్ కచేరీలలో ఛాయాగ్రాహకులకు మొదటి మూడు పాటలవరకే అనుమతియు, ఫ్లాష్ నిషేధమును వాడుకగా నున్నవి. ఇందులో రెండవ నియమమును మనము యథాతథముగా తీసికొనవచ్చును. మొదటిదానిని తీసికొన్నచో వర్ణమును, చిన్న కృతులును మాత్రమే చిత్రమునకెక్కి, గొంతు వేడెక్కి ప్రధానరాగము మొదలగు వేళకు ఛాయాగ్రాహకుడు బయట నుండును. ఆతడు కడవరకు ఉండవలయును. ఆలాపన వేళ కదలక, కృతికిని కృతికిని నడుమ చోటు మారవలయును.

ఆతనికి డబ్బు ఎవరిత్తురని అడుగుదురు. వార్షికోత్సవమున కప్పు శాలువాలలో కొన్నిటిని తగ్గించినచో ఆ వ్యయము చాలవరకు దొరకును. చిత్రములను హార్డ్ డిస్కులో పడవేసి మరచిపోక, తేదీ, రాగము, తంబురా వేసిన విద్యార్థినితో సహా వేదికపైనున్న అందరి పేర్లు వ్రాసి, ఏటేట ఎంచిన కొన్నిటిని కాగితముపై ముద్రింపించి, రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము, వేటపాలెపు సారస్వత నికేతనమువంటి చోట్ల ఒక్కొక్క ప్రతి ఉంచుట మేలు. పాత పత్రికలను దాచిన ఆ చేతులకు ఈ చిత్రములను దాచుట భారము కాబోదు. ముఖ్య అతిథి చిత్రము పత్రికలో రానిచో వచ్చు సంవత్సరము విరాళము రాదని కార్యదర్శులు భయపడుదురు. ఆ భయము నిరాధారమని నేననను. శాలువా చిత్రమును చట్రము కట్టించి దాతగారింటికి పంపవచ్చును, పత్రికకు మాత్రము పాట నడుచుచుండగా తీసినదానిని పంపవలయును. దానిని వేయుటకు చోటు లేదని జిల్లా విలేకరి అన్నచో, ఆ సంగతిని సంపాదకులకు ఉత్తరము వ్రాసి అడుగు హక్కు పాఠకులకెట్లును ఉన్నది.