ఖాళీ బెడ్ ఎక్కడుందో చెప్పండి!

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ రాత్రి మీ తండాలోనో, కాలనీలోనో ఒకరికి మతి స్థిమితం తప్పిందనుకోండి. మూడు రోజులుగా నిద్ర లేదు, తిండి లేదు. చచ్చిపోతానంటూ బావి వైపు ఉరుకుతున్నారు. ఎక్కడికి తీసుకుపోతారు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. పైకి పోతే అనంతపురం పెద్దాసుపత్రి, కిందికి పోతే బెంగళూరు నిమ్హాన్స్. ఎటు పోవాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. ఏ ఆసుపత్రి మానసిక వార్డులో బెడ్ ఖాళీగా ఉందో చెప్పే దిక్కు మాత్రం లేదు. అప్పు చేసి బండి మాట్లాడుకుని పోయాక "బెడ్లు లేవు" అంటే, రెండోసారి బండికి డబ్బులెక్కడివి? అక్కడినుంచి తాయెత్తులు. అవీ పనిచేయకపోతే గొలుసు.

గొలుసు ఎక్కడిదాకా తీసుకుపోతుందో చూశాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసినవాళ్లు తప్పించుకోలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. కన్నవాళ్లు పగతో వాళ్లని అక్కడ వదల్లేదు, నయమవుతుందనే ఆశతో వదిలారు.

ఇప్పుడు చట్టం ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 95వ సెక్షన్ ప్రకారం మనిషిని గొలుసులతో కట్టడం నిషేధం. 18వ సెక్షన్ ఇంకా ముఖ్యం. వైద్యం కోసం ఎవరూ దూరాలు తిరగాల్సిన పని ఉండకూడదు. జిల్లాలో సర్కారు మానసిక వైద్యం లేకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకునే హక్కుంది, ఖర్చు ప్రభుత్వానిది. పేదలకు సర్కారు ఆసుపత్రిలో ఉచితం, కార్డు లేకపోయినా సరే.

మనది మైదాన ప్రాంతం, ఐదో షెడ్యూల్ వర్తించదు కదా అని కొందరు నీరసపడతారు. ఈ హక్కుకు షెడ్యూల్ ఏరియాతో పనే లేదు. సుగాలీకైనా, ఎరుకలకైనా, ఎవరికైనా ఒకటే.

అయితే లెక్క లేనిదే హక్కు అమలుకాదు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. అనంతపురం పెద్దాసుపత్రి పక్క జిల్లాకు పోయింది. మరి మన జిల్లాలో మానసిక రోగులను చేర్చుకునే బెడ్లు ఎన్ని? ఈరోజు ఖాళీ ఎన్ని? ఆడవాళ్లకెన్ని? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రోజూ అందరికీ కనపడాలి.

చేతకాని పనేం కాదు. కోవిడ్ కాలంలో ఏ ఆసుపత్రిలో ఎన్ని బెడ్లు ఖాళీయో ఇదే రాష్ట్రం ఆన్‌లైన్‌లో చూపించింది. రక్తం నిల్వలు ఈ-రక్తకోశ్‌లో చూస్తున్నాం. రోగి పేరు అక్కర్లేదు, అంకె చాలు.

ఇంకో మాట. మనవాళ్లను ఏళ్లతరబడి వార్డులో పడేయమని అడగడం లేదు. సమాజంలో బతికే హక్కు 19వ సెక్షన్ ఇచ్చింది. బెడ్ ఆ గండం గడిచేదాకే. తర్వాత మందులు పీహెచ్‌సీలోనే దొరకాలి. ఆ లెక్కా అడుగుదాం.

మీరు చేయాల్సినవి మూడు. ఒకటి, పై ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. రెండు, సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు పదిమంది కలిసి పోండి, రసీదు తీసుకోండి. మూడు, టెలీ మానస్ నంబరు 14416 ప్రతి తండా గోడ మీదా రాయండి. అది ఉచితం, రాత్రయినా పగలయినా పలుకుతుంది.

బావి దాకా ఉరికిన మనిషిని పట్టుకోవడానికి మన చేతులు చాలు. ఆ తర్వాత ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పాల్సింది సర్కారు. చెప్పేదాకా అడుగుదాం.

జై సేవాలాల్! జై ఆదివాసీ!