తాడు పట్టేవాడు

పిల్లలూ! మీలో చాలామంది శ్రీశైలం వెళ్ళే ఉంటారు. బస్సులో కూర్చుని వేయించిన వేరుసెనగకాయలు ఒలుచుకుంటూ ఉంటే చాలు, కొండ మీదికి చేరిపోతాం. ఆ రోడ్డు లేని రోజుల్లో సంగతి అట్లా కాదు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరులో మూటాముల్లె సర్దుకుని నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో పడి నడవవలసిందే. పెద్దపులులు తిరిగే అడవి అది. ఇప్పుడూ తిరుగుతూనే ఉన్నవి.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మధ్యలో ఆ దారిన శ్రీశైలం వెళ్ళివచ్చారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. డబ్బుకు లోటు లేదు, కూడా పెద్ద పరివారం. అయితేనేం? సవారీ మోసే బోయీలు లేనిదే ఆయన ప్రయాణం సాగదు. ఇక నల్లమలలో యాత్రికులకు కాపలా కాసి దాటించటం చెంచుల పని. అందుకు వారికి రుసుము ముట్టేది. వీరాస్వామయ్యగారు దారిపొడుగునా చూసినవి రాసి పెడితే, ఆయన పోయిన తరువాత, 1838లో, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అచ్చు వేయించాడు. ఆ పుస్తకమే కాశీయాత్ర చరిత్ర. చూశారా, మోసినవారు కొందరు, కాచినవారు కొందరు, అచ్చు వేయించినవాడు మరొకడు!

సరే, యాత్రికులంతా చెంచును నమ్ముకున్నారు. మరి చెంచు ఎవరిని నమ్ముకుంటాడు?

అది తెలియాలంటే కొండతేనె తీసే పద్ధతి తెలుసుకోవాలి. మన అడవుల్లోని పెద్ద తేనెటీగ ఎత్తయిన చెట్లకూ, కొండచరియలకూ పట్టు పెడుతుంది. ఒక గుంపుకు ఒకటే పట్టు. అది మీటరు వెడల్పు కూడా ఉంటుంది. దీనికి కోపం జాస్తి. ఒక ఈగ కుట్టిందంటే, ఆ చోట ఒక రకమైన వాసన పుడుతుంది. అది మిగతా ఈగలకు పిలుపు. ఇక చూసుకోండి, గుంపంతా వచ్చి పడుతుంది! అందుకే తేనె తీసేవారు పొగ పెడతారు. పొగలో ఆ వాసన ఈగలకు సరిగా అందదు. పైగా అడవికి నిప్పు అంటుకున్నదనుకుని, అవి పారిపోవటానికి సిద్ధపడి కడుపునిండా తేనె తాగుతవి. కడుపు నిండిన ఈగకు కుట్టే ధ్యాస తగ్గుతుంది.

ఈగల సంగతి అది. అసలు ప్రమాదం కింద ఉన్న లోయ. చెంచు చరియ అంచు నుంచి తాడు పట్టుకుని దిగుతాడు. పైన ఆ తాడు దగ్గర ఒక మనిషి ఉండాలి. ముడి వదులయినా, ఎవరయినా తాడు తెంచినా కిందివాడు ఏమీ చేయలేడు. చరియ అంచు అడ్డం గనుక పైన ఏం జరుగుతున్నదో అతనికి కనపడదు కూడా.

మరి ఆ పైన ఉండేది ఎవరు? అన్నదమ్ముడు అనుకున్నారా? కాదు. బావమరిది! భార్య తోడబుట్టినవాడికే తాడు అప్పగించటం చెంచుల ఆచారం. అన్నదమ్ములన్నాక ఎప్పుడో ఒక తగాదా ఉండవచ్చు. బావమరిదితోనూ ఉండవచ్చుననుకోండి. కాని ఆ తాడు తెగితే పసుపుకుంకుమలు పోయేది అతని అక్కకో చెల్లెలికో. అందుచేత బావ మీద ఎంత కోపం ఉన్నా తాడు మాత్రం వదలడు. బావ బ్రతుకు కోరేవాడు బావమరిది అని మన ఊళ్ళల్లో అంటూ ఉంటారు. కొండచరియ మీద అది వట్టి సామెత కాదు.

నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. చెంచు అందరినీ గుడ్డిగా నమ్మలేదు. ఎవరినీ నమ్మనని గుడిసెలో కూర్చోనూ లేదు. తాను క్షేమంగా పైకి రావటం ఎవరికి కావాలో చూసుకుని, ఆ మనిషి చేతికి తాడు ఇచ్చాడు. పరీక్షనాడు చూసిరాయటానికి దొరికే స్నేహితుణ్ణీ, లెక్క తప్పయిందని ముఖాన చెప్పే స్నేహితుణ్ణీ పక్కపక్కన నిలబెట్టి మీరూ ఆలోచించుకోండి, తాడు ఎవరికి ఇస్తారో!

తేనె పైకి వచ్చాక అమ్మాలి గదా. గిరిజనుల వద్ద అటవీ వస్తువులు కొనటానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చెంచులు తెచ్చే తేనెనూ అది కొంటుంది. కొండతేనె ఎప్పుడయినా దొరికితే అమ్మనడిగి ఒక చెంచాడు రుచి చూడండి. పెట్టెల్లో పెంచే ఈగల తేనె కన్నా అది కాస్త పలుచగా ఉంటుంది.