దగ్గే కదా అనుకోవద్దు!

ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడో దశలో ఉండి, ఆపరేషన్‌కు వీలు కాకపోతే కీమోథెరపీ, రేడియేషన్ కలిపి ఇస్తారు. ఆ తర్వాత వ్యాధి ముదరకపోతే చాలామందికి డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును ఏడాది వరకూ సెలైన్‌లా ఎక్కిస్తారు. రోగనిరోధక కణాలకు క్యాన్సర్ వేసిన కళ్లేన్ని ఇది విప్పేస్తుంది.

మరి ఈ రెండు చికిత్సలనూ ఊపిరితిత్తులు తట్టుకుంటాయా? రేడియేషన్ తగిలిన చోట వాపు రావచ్చు. కళ్లెం వీడిన రోగనిరోధక కణాలూ ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న భాగం మీద దాడి చేస్తాయి. ఇలా వచ్చే వాపునే న్యుమోనైటిస్ అంటారు. ఇది ఇన్ఫెక్షన్ కాదు కాబట్టి యాంటీబయాటిక్స్‌తో తగ్గదు.

2017లో వెలువడిన 'పసిఫిక్' అధ్యయనంలో 700 మందికి పైగా పాల్గొన్నారు. మందు తీసుకున్నవారిలో సుమారు 34 శాతం మందికి, తీసుకోనివారిలో 25 శాతం మందికి ఈ వాపు వచ్చింది. తీవ్రంగా మారింది మాత్రం 3.4, 2.6 శాతం మందిలోనే. ఐదేళ్ల తర్వాత లెక్క చూస్తే మందు తీసుకున్నవారిలో 43 శాతం, తీసుకోనివారిలో 33 శాతం మంది జీవించి ఉన్నారు. అంటే ముప్పు కొంత పెరిగినా మేలే ఎక్కువ. రేడియేషన్‌తో పాటే ఈ మందు మొదలుపెడితే ఇంకా మంచిదేమోనని 'పసిఫిక్-2'లో పరీక్షించారు. అదనపు ప్రయోజనం కనిపించలేదు. అందుకే ముందు రేడియేషన్, ఆ తర్వాతే ఇమ్యునోథెరపీ.

రేడియేషన్ వల్ల వచ్చే వాపు సాధారణంగా చికిత్స ముగిసిన ఒకటి నుంచి ఆరు నెలల్లో బయటపడుతుంది. ఇమ్యునోథెరపీ వల్ల అయితే మందు వాడుతున్నప్పుడు ఎప్పుడైనా రావచ్చు, ఆపేశాక కూడా రావచ్చు. పొడి దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కొద్దిపాటి జ్వరం ముఖ్య లక్షణాలు. మందుల షాపులో దగ్గు సిరప్ కొని వారం రోజులు చూద్దామనుకోవద్దు. వెంటనే క్యాన్సర్ డాక్టరుకు చెప్పాలి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

డాక్టర్లు సీటీ స్కాన్ తీసి, ఇన్ఫెక్షన్ లేదని నిర్ధారించుకుంటారు. వాపేనని తేలితే ఇంజెక్షన్ ఆపి, స్టెరాయిడ్లు ఇస్తారు. ఆయాసం తగ్గగానే వాటిని సొంతంగా మానేయకూడదు. కొన్ని వారాల పాటు డోసు క్రమంగా తగ్గించుకుంటూ రావాలి. వాపు స్వల్పమైతే తగ్గాక ఇంజెక్షన్ తిరిగి మొదలుపెట్టొచ్చు. తీవ్రమైతే పూర్తిగా మాన్పిస్తారు.

వేరే జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా రేడియేషన్, ఇమ్యునోథెరపీ వివరాలున్న కాగితాలు వెంట తీసుకెళ్లండి. సిగరెట్, బీడీ జోలికి అసలు వెళ్లొద్దు.